అప్పుల్లో ఉన్న కొట్టు యజమానికి ఊరు ఓటు ఎందుకు వేసింది? న్యూ సేలంలో లింకన్

ప్రశ్న
(కొట్టువారబ్బాయి)

మిత్రులందరికీ నమస్కారం. మా నాన్నగారు బాపట్ల దగ్గర ఒక చిన్న ఊరిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు కిరాణా కొట్టు నడిపారు. ఊళ్లో సగం కుటుంబాల పద్దులు ఆయన ఖాతా పుస్తకంలో ఉండేవి. ఒకసారి పంచాయతీ ఎన్నికల్లో వార్డు సభ్యుడిగా నిలబడమని నలుగురు పెద్దలు ఇంటికి వచ్చి అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "మనకు బాకీ ఉన్నవాడు మొహం చాటేస్తాడు, మనం బాకీ ఉన్నవాడు మన మొహం చూడగానే నోటు సంగతి ఎత్తుతాడు, ఇక ఓటు వేసేదెవరు?" అని ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ మధ్య అబ్రహాం లింకన్ తొలినాళ్ల గురించి చదువుతున్నప్పుడు నాన్నగారి మాటే మనసులో మెదిలింది. లింకన్ ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ సేలం అనే పల్లెలో విలియం బెర్రీ అనే అతనితో పొత్తుగా కొట్టు పెట్టి, అరువు మీద సరుకు కొని, నష్టపోయి, చివరికి మూసివేశాడు. అయినా 1834 ఆగస్టులో, ఇరవై అయిదేళ్ల వయసులో, ఆ చుట్టుపక్కల జనమే ఆయనను రాష్ట్ర శాసనసభకు పంపారు. దివాలా తీసిన వ్యాపారిని మన ఊళ్లలో ఎలా చూస్తారో నాకు తెలుసు; పెళ్లి పిలుపులు కూడా తగ్గిపోతాయి. అక్కడ ఆ కొట్టు ఆయనకు రాజకీయంగా మేలు చేసిందా, కీడు చేసిందా? ఆయన కొట్టులో సారా అమ్మాడని ప్రత్యర్థులు అన్నది నిజమేనా? ఆ బాకీలు చివరికి తీరాయా? వివరంగా తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు
(పాత పుటలు)

మీ ప్రశ్నలో కాలక్రమం కొంచెం సవరించుకుంటే చాలా చిక్కు విడిపోతుంది. లింకన్ మొదటిసారి ఎన్నికల్లో నిలబడేనాటికి ఆయన కొట్టు యజమాని కాడు, కొట్టులో గుమాస్తా. 1831 ఏప్రిల్‌లో డెంటన్ ఆఫట్ అనే వ్యాపారి సరుకును న్యూ ఆర్లియన్స్‌కు చేర్చే పడవ మీద ఆయన సాంగమన్ నది దిగి వస్తుండగా, ఆ పడవ న్యూ సేలం పిండిమిల్లు ఆనకట్ట మీద ఇరుక్కుపోయింది. ఒడ్డున ఊరు ఊరంతా చూస్తుండగా ఈ పొడుగాటి కుర్రవాడు సరుకు కొంత దించి, పడవ ముందు భాగంలో బెజ్జం చేసి, లోపల చేరిన నీరు పోయేలా చేసి పడవను గట్టెక్కించాడు. ఆ ఊరు ఆయనను మొదట చూసింది అలా. ఆ తరువాత ఆఫట్ అక్కడే కొట్టు తెరిచి, నెలకు 15 డాలర్ల జీతం మీద ఆయనను గుమాస్తాగా పెట్టుకున్నాడు.

న్యూ సేలం 1829లో పిండిమిల్లును ఆశ్రయించుకుని పుట్టిన ఊరు. బాగా వెలిగిన రోజుల్లో కూడా అక్కడ ఇరవై అయిదు కుటుంబాలకు మించి లేవు. కానీ చుట్టుపక్కల పల్లెల రైతులు మొక్కజొన్న ఆడించుకోవడానికి అక్కడికే రావాలి, వచ్చినవారు తమ వంతు కోసం గంటల తరబడి ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపు గడిచేది కొట్టు అరుగుల మీదే. మన ఊళ్లలో రైసు మిల్లు పక్కన ఉన్న టీ బడ్డీ దగ్గర ఊరి రాజకీయమంతా ఎలా నడుస్తుందో తలచుకుంటే ఆ గుమాస్తా ఉద్యోగం విలువ అర్థమవుతుంది. కథలు చెప్పగలిగినవాడు, చదువు రానివారికి ఉత్తరం చదివిపెట్టగలిగినవాడు, తూనికలో మోసం చేయనివాడు ఆ బల్ల వెనుక నిలబడితే, ఆరు నెలలు తిరిగేసరికి ఆ మండలంలో ఆయన పేరు తెలియని గడప ఉండదు.

1832 మార్చిలో ఆయన తన అభ్యర్థిత్వాన్ని ప్రకటిస్తూ కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రజలకు రాసిన లేఖ స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రికలో అచ్చయింది. సాంగమన్ నదిని పడవల రాకపోకలకు అనువుగా బాగుచేయడం, చదువు అందరికీ అందడం, అధిక వడ్డీకి చట్టంతో కళ్లెం వేయడం అందులోని ముఖ్య విషయాలు. ఇరవై మూడేళ్ల గుమాస్తాకు వడ్డీ గురించి అంత పట్టింపు ఎందుకని అనిపించవచ్చు. రోజూ అరువు బేరాల మధ్య కూర్చున్నవాడికి కాక మరెవరికి ఉంటుంది? తనను సిఫారసు చేయడానికి డబ్బున్న బంధువులు గాని, పేరున్న బంధువులు గాని లేరని కూడా ఆ లేఖలో ఆయన చెప్పుకున్నాడు.

ఆగస్టులో జరిగిన ఆ ఎన్నికలో ఆయన ఓడిపోయాడు. పదముగ్గురు అభ్యర్థులలో నలుగురు గెలవాలి, ఆయనది ఎనిమిదో స్థానం. అయితే న్యూ సేలం పోలింగు కేంద్రంలో మాత్రం తనకు అనుకూలంగా 277 ఓట్లు, వ్యతిరేకంగా 7 ఓట్లు వచ్చాయని ఆయనే తరువాత రాసుకున్నాడు. అప్పట్లో ఇల్లినాయ్‌లో రహస్య ఓటు లేదు. ఓటరు అధికారి ముందు నిలబడి తాను కోరుకున్న పేరు పైకి చెబితే దానిని పుస్తకంలో రాసుకునేవారు. నలుగురి ఎదుట నోరు తెరిచి ఈ గుమాస్తా పేరు చెప్పినవారే ఆ ఓటర్లు.

కొట్టు కొనడం ఈ ఓటమి తరువాతి మాట. అప్పటికే ఆఫట్ వ్యాపారం కుప్పకూలింది. కమ్మరి పని నేర్చుకుందామా, న్యాయశాస్త్రం చదువుదామా అని తాను ఊగిసలాడుతున్న రోజుల్లో ఎవరో పాత సరుకును, తనకూ తనంత పేదవాడైన మరొకరికీ, అరువు మీద అమ్మారని 1860లో రాసిన స్వీయ పరిచయంలో ఆయన చెప్పాడు. బెర్రీతో పొత్తుగా ఉన్న కొట్టులో తన వాటాను రోవన్ హెర్న్‌డన్ అనే అతను నోటు రాయించుకుని లింకన్‌కు ఇచ్చాడు. 1833 జనవరిలో రూబెన్ రాడ్‌ఫర్డ్ కొట్టు సరుకు కూడా వీరి చేతికి వచ్చింది. అల్లరి మూక ఒక రాత్రి రాడ్‌ఫర్డ్ కొట్టును ధ్వంసం చేస్తే, విసిగిపోయిన అతని దగ్గర విలియం గ్రీన్ అనే కుర్రవాడు 400 డాలర్ల నోటు మీద సరుకంతా కొని, వెంటనే లాభానికి బెర్రీ, లింకన్‌లకు అంటగట్టాడు. అసలే చిన్న ఊరు, అందులో అప్పటికే బాగా నడుస్తున్న శామ్యూల్ హిల్ కొట్టు ఉంది. చేతిలో నగదు ఉన్న రైతు అరుదు, తేనె, మైనం, తోళ్లు ఇచ్చి సరుకు పట్టుకుపోయే రోజులవి. బెర్రీకి తాగుడు అలవాటు, లింకన్‌కు పుస్తకాల మీద ధ్యాస. అప్పు మీద అప్పు పెరగడం తప్ప మరేమీ జరగలేదని లింకనే ఒప్పుకున్నాడు.

చివరికి ఏమైందో చెప్పడానికి ఆయన వాడిన మాట "వింక్డ్ అవుట్". మిణుకు మిణుకుమంటూ దీపం ఆరిపోవడం అని దాని భావం. తెలుగులో దీనికి సరిపోయే మాట కోసం చాలా కాలంగా వెతుకుతున్నాను, "కొట్టు ఆరిపోయింది" అంటే అందులో ప్రాణం లేదు.

జవాబు
(విశ్రాంత న్యాయవాది)

పై జవాబు చాలా బాగుంది. సారా విషయం, దివాలా విషయం నేను చెబుతాను, ఎందుకంటే ఈ రెండింటిలోనూ మన దగ్గర చాలా తప్పు మాటలు ప్రచారంలో ఉన్నాయి.

1858 ఆగస్టు 21న ఇల్లినాయ్‌లోని ఒట్టావాలో జరిగిన మొదటి వాదప్రతివాదంలో, సెనేట్ స్థానానికి పోటీలో ప్రత్యర్థి అయిన స్టీఫెన్ డగ్లస్, లింకన్ ఒకప్పుడు న్యూ సేలంలో "గ్రోసరీ" బాగా నడిపాడని సభలో అన్నాడు. ఈనాటి చెవికి అది మెచ్చుకోలులా వినిపిస్తుంది, కానీ ఆనాటి ఇల్లినాయ్ వాడుకలో గ్రోసరీ అంటే గ్లాసుల లెక్కన సారా పోసే దుకాణం. తాను ప్రపంచంలో ఎక్కడా గ్రోసరీ నడపలేదని, ఒక శీతకాలం చివర్లో మాత్రం ఒక చిన్న సారా బట్టీలో పని చేసిన మాట నిజమేనని లింకన్ బదులిచ్చాడు. కాగితాలలో ఉన్నది ఏమిటంటే, 1833 మార్చి 6న బెర్రీ, లింకన్‌ల పేరు మీద కౌంటీ అధికారులు పూటకూటి ఇల్లు నడిపే లైసెన్సు ఇచ్చారు. 300 డాలర్ల పూచీపత్రం ఇచ్చి, 7 డాలర్ల రుసుము కట్టి తీసుకున్న ఆ లైసెన్సులో విస్కీ అర పైంటు పన్నెండున్నర సెంట్లనీ, భోజనం 25 సెంట్లనీ, రాత్రి పడక పన్నెండున్నర సెంట్లనీ ధరలు కూడా నిర్ణయించి ఉన్నాయి. పూచీపత్రం మీది లింకన్ సంతకం ఆయన చేతిరాత కాదని పరిశీలించినవారు అంటారు. ఆ రోజుల్లో కిరాణా సరుకుతో పాటు పీపాలో సారా కొలిచి అమ్మని పల్లె కొట్టు ఉండేది కాదు కాబట్టి, సీసాలు, కడవల లెక్కన అమ్మకం జరిగే ఉంటుంది. గ్లాసు పోసి కూర్చోబెట్టిన వ్యాపారం బెర్రీదని, అది లింకన్‌కు నచ్చలేదని నా అభిప్రాయం.

ఇక దివాలా సంగతి. "లింకన్ ఐ.పి. పెట్టకుండా అప్పు తీర్చాడు" అని ఉపన్యాసాలలో తరచుగా వింటుంటాము. 1835లో ఆయన ఐ.పి., అంటే దివాలా పిటిషన్, పెట్టడానికి అసలు అవకాశమే లేదు. 1800 నాటి ఫెడరల్ దివాలా చట్టం 1803లోనే రద్దయింది, మరొకటి 1841 దాకా రాలేదు. ఆనాడు చేతులెత్తేసిన వ్యాపారికి అందరూ ఎరిగిన దారి ఒక్కటే, రాత్రికి రాత్రి బండి కట్టుకుని పడమటికి పోవడం. వీరి కొట్టును తరువాత అరువు మీద కొన్న ట్రెంట్ సోదరులు కూడా నోటు గడువు దగ్గరపడేసరికి అలాగే ఉడాయించారని ఆ ఊరివారి జ్ఞాపకాలలో ఉంది. లింకన్ వెళ్లలేదు. 1835 జనవరిలో బెర్రీ చనిపోతే అతని భాగం కూడా తన నెత్తిన వేసుకున్నాడు. మొత్తం సుమారు 1,100 డాలర్లని, దానిని తాను "జాతీయ రుణం" అని పిలుచుకునేవాడినని ఆయన తరువాత మిత్రులతో చెప్పాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1842వ సంవత్సరం. 1841లో చేసిన కొత్త దివాలా చట్టం అప్పుడు అమలులోకి వచ్చింది. న్యాయవాదిగా లింకన్ ఆ సంవత్సరం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పదుల కొద్దీ బాకీదారుల తరఫున దివాలా పిటిషన్లు వేసి వారిని విముక్తులను చేశాడు. ఆయన పాత నోట్లలో కొన్ని అప్పటికీ తీరలేదని, 1848లో వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నప్పుడు కూడా జీతంలో కొంత పంపుతూ ఉండేవాడని ఆయన న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ చెప్పాడు. తన బల్ల మీదే ఇతరుల పిటిషన్లు రాస్తూ, తన పేరుతో మాత్రం ఒక్కటి కూడా వేయలేదు. నలభై ఏళ్లు ఐ.పి. కేసులు చూసినవాడిగా చెబుతున్నాను, ఆ కలం అంత దగ్గరగా ఉన్నప్పుడు పట్టుకోకుండా ఉండడం చిన్న విషయం కాదు. ఐ.పి. పెట్టినవాడు చెడ్డవాడని నేను అనను, కుటుంబాలు నిలబడడానికే ఆ చట్టం ఉంది.

తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ సంగతి కూడా ఇలాంటిదే. కాన్సాస్ సిటీలో ఎడ్డీ జేకబ్‌సన్‌తో కలిసి 1919లో తెరిచిన మగవారి దుస్తుల కొట్టు 1922లో మూతపడింది. జేకబ్‌సన్ 1925లో దివాలా కోర్టుకు వెళ్లాడు, ట్రూమన్ వెళ్లకుండా ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చాడు. కొట్టు మూసిన సంవత్సరమే ఆయన కౌంటీ పదవికి ఎన్నికయ్యాడు.

కొట్టువారబ్బాయి

ఇద్దరికీ ధన్యవాదాలు. 1832 ఓట్లు గుమాస్తాకు పడ్డాయని అర్థమైంది. కానీ 1834 నాటికి ఆయన బాకీదారు. అప్పులవాళ్లు నోట్లు పట్టుకుని తిరుగుతున్నప్పుడు ఓట్లు ఎందుకు పెరిగాయి?

జవాబు
(స్ప్రింగ్‌ఫీల్డ్ తెలుగు)

నేను స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాను. న్యూ సేలం మాకు ఇరవై మైళ్లు. ఇండియా నుంచి ఎవరు వచ్చినా అక్కడికి తీసుకువెళతాను. అసలు ఊరు 1840 నాటికే ఖాళీ అయిపోయింది, ఇప్పుడు ఉన్న దుంగల ఇళ్లు చాలా వరకు 1930లలో తిరిగి కట్టినవి. పీపాలు చేసే ఆన్‌స్టాట్ దుకాణం ఒక్కటే ఆనాటిదిగా మిగిలింది. బెర్రీ, లింకన్‌ల రెండో కొట్టు మాత్రం కోసిన పలకలతో కట్టినది. చుట్టూ దుంగల గుడిసెల మధ్య అది కాస్త దర్జాగా కనిపిస్తుంది. మొదటిసారి లోపల నిలబడినప్పుడు నాకు తోచింది ఒక్కటే: ఇంత చిన్న గదిలో ఎవరి మాటా ఎవరికీ వినబడకుండా ఉండదు.

మీ ప్రశ్నకు సమాధానం రెండు చిన్న ఉద్యోగాలలో ఉంది. 1833 మే 7న ఆయన న్యూ సేలం పోస్టుమాస్టరు అయ్యాడు. ప్రభుత్వం డెమొక్రాట్ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ది, లింకన్ ప్రతిపక్షం వాడు. ఆ పదవి మరీ చిన్నది కావడంతో తన రాజకీయాలను ఎవరూ పట్టించుకోలేదని ఆయనే అన్నాడు. అప్పట్లో తపాలా ఖర్చు సాధారణంగా ఉత్తరం అందుకునేవారే కట్టేవారు. ఒక్క కాగితం 30 మైళ్ల లోపు వస్తే 6 సెంట్లు, 400 మైళ్లు దాటి వస్తే 25 సెంట్లు. డబ్బు లేనివారి దగ్గర ఆయన ఆగేవాడు. దూరంగా ఉన్నవారి ఉత్తరాలను టోపీలో పెట్టుకుని నడిచి వెళ్లి ఇచ్చేవాడు. పత్రిక తపాలా రుసుము కట్టి రసీదు అడిగిన ఒక చందాదారుకు ఆయన రాసిన చీటీ ఇప్పటికీ ఉంది. చట్టం ప్రకారం ముందే కట్టవలసిన సొమ్ముకు తాను ఏడాది ఆగానని, ఇప్పుడు రసీదు లేకపోతే మళ్లీ వసూలు చేస్తానేమోనని అనుమానించడం తన మనసును నొప్పించిందని అందులో రాశాడు. రసీదు మాత్రం పంపాడు. ఈ చీటీ చదివినప్పుడల్లా ఒక చిన్న ఊరి వ్యాపారికి మాట మీద నమ్మకం ఎంత పెద్ద ఆస్తో నాకు కనిపిస్తుంది.

రెండోది భూమి సర్వే. కౌంటీ సర్వేయరు జాన్ కాల్‌హౌన్ డెమొక్రాట్ అయినా లింకన్‌ను సహాయకుడిగా తీసుకున్నాడు. దిక్సూచి, గొలుసు సంపాదించుకుని, పుస్తకాలు చదివి ఆ పని నేర్చుకున్నాడు. పొలం గట్టు తగాదా వస్తే గొలుసు పట్టుకుని వెళ్లేది ఈయనే, ఆ పూట భోజనం ఆ రైతు ఇంట్లోనే. కొట్టులో ఉన్నప్పుడు జనం ఆయన దగ్గరకు వచ్చారు, ఇప్పుడు ఆయనే వారి గడపకు వెళ్లాడు. 1834 ఆగస్టు 4న పదముగ్గురిలో రెండో స్థానంతో, 1,376 ఓట్లతో గెలిచాడు. డెమొక్రాట్లలో కూడా కొందరు ఆయనకే వేశారు.

అప్పులవాళ్లందరూ ఊరుకోలేదు. రాడ్‌ఫర్డ్ నోటు చేతులు మారి పీటర్ వాన్ బెర్గన్ అనే అతని దగ్గరకు చేరింది. అతను కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకుని, లింకన్ గుర్రాన్ని, జీనును, దిక్సూచిని, గొలుసును జప్తు చేయించి వేలం వేయించాడు. అవి పోతే సర్వే పని కూడా పోతుంది. జేమ్స్ షార్ట్ అనే రైతు 120 డాలర్లకు అన్నీ పాడుకుని, లింకన్‌కు తిరిగి ఇచ్చేశాడు. ఆ డబ్బు కూడా లింకన్ తరువాత తీర్చాడు. 1861లో అధ్యక్షుడైనప్పుడు, కాలిఫోర్నియాలో ఉంటున్న షార్ట్‌కు అక్కడి రౌండ్ వ్యాలీలో ఇండియన్ ఏజెంటు (అమెరికా మూలవాసుల వ్యవహారాలు చూసే అధికారి) పదవి ఇచ్చాడు.

గెలిచిన తరువాత అప్పటి రాష్ట్ర రాజధాని వాండేలియాలోని శాసనసభకు వెళ్లడానికి ఒంటి మీద సరైన బట్టలు లేక, కోల్మన్ స్మూట్ అనే రైతు దగ్గర 200 డాలర్లు అప్పు తీసుకుని, అందులో కొంత పెట్టి సూటు కుట్టించుకున్నాడు. శాసనసభ్యుడికి సభ జరిగే రోజులకు రోజుకు 3 డాలర్లు. గుమాస్తా జీతం నెలకు 15 డాలర్లని పై జవాబులో చూశాము. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే, ఆయనకు రాజకీయం ఎంత గౌరవమో అంత బతుకుతెరువు కూడా అని తెలుస్తుంది. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదని నా భావన.

1837 ఏప్రిల్‌లో మా ఊరికి వచ్చినప్పుడు కూడా ఆయన మొదట అడుగుపెట్టింది ఒక కొట్టులోనే. జాషువా స్పీడ్ కొట్టులో పరుపు, దుప్పట్లు, దిండు కలిపి 17 డాలర్లు అవుతుందని తేలితే, క్రిస్మస్ దాకా అరువు పెట్టమని, న్యాయవాద వృత్తి సాగకపోతే ఎప్పటికీ తీర్చలేనేమోనని ముందే చెప్పేశాడు. ఆ మొహంలో దిగులు చూడలేక స్పీడ్ మేడ మీద ఉన్న తన మంచం పంచుకోమన్నాడు. లింకన్ సంచులు పైకి తీసుకువెళ్లి, కింద పెట్టి, నవ్వుతూ దిగి వచ్చి, ఇల్లు మారడం అయిపోయిందని చెప్పాడట.

కొట్టువారబ్బాయి

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. జప్తు దగ్గర ఆపమని, ఆ రైతు ఎంతకు పాడాడో మళ్లీ చెప్పించుకున్నారు. తన కొట్టు కూడా ఒక వేసవిలో అలాంటి అంచుకు వెళ్లిందని, తూనిక రాళ్లు అమ్ముకోకుండా ఒక రైతు చేబదులు ఇచ్చి ఆపాడని, ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పని సంగతి నిన్న చెప్పారు.

పాత పుటలు గారు వెతుకుతున్న మాట గురించి కూడా అడిగాను. మా కొట్టులో గల్లాపెట్టె పక్కన సాయంత్రం దీపం పెట్టేవాళ్లం. గాలికి అది ఆరితే "ఆరిపోయింది" అననిచ్చేవారు కాదు, అశుభమని. నాన్నగారు ఒక్క క్షణం ఆలోచించి, "కొట్టు కొండెక్కిందని రాయమను" అన్నారు.